దీవి మట్టిలో అణు ధూళి ఏటేటా ఎంత తగ్గుతోంది? కొలిచే పద్ధతి మొదటి నుంచి చివరి దాకా

నల్లగొండ, పాలమూరు వైపు ఫిజిక్స్, జియాలజీ ఎమ్మెస్సీ చదివే పిల్లలు, వాళ్లతో ప్రాజెక్టులు చేయించే లెక్చరర్లు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్న ఇది. మార్షల్ దీవుల్లో 1946 నుంచి 1958 దాకా 67 అణు పరీక్షలు జరిగాయి కదా, ఆ ధూళి అక్కడి మట్టిలో ఎంత వేగంగా తగ్గుతోందో ఎలా తేలుస్తారు? ఆ పని మన ఊళ్ల మట్టి మీద నేర్చుకోవచ్చా?

నేర్చుకోవచ్చు. ఆకాశంలోకి లేచిన ఆ కాలపు ధూళి ప్రపంచమంతా రాలింది. అందులోని సీజియం-137 అనే రేడియోధార్మిక పదార్థం మన చెలకల్లోనూ ఉంది. కాకపోతే కిలో మట్టికి కొద్ది బెక్వెరెల్స్ మాత్రమే (సెకనుకు ఒక పరమాణువు క్షీణిస్తే ఒక బెక్వెరెల్). ఆరోగ్యం గురించి టెన్షన్ పడాల్సినంత కాదు, కానీ కొలవడానికి ఓపిక కావాల్సినంత తక్కువ.

ఒక మాట ముందే చెప్పాలి. సీజియం-137 తనంతట తాను ఏడాదికి సుమారు 2.3 శాతం తగ్గుతుంది. దున్నని నేలలో కూడా పక్కపక్కన తీసిన రెండు నమూనాల మధ్య తేడా 20 శాతం సులువుగా ఉంటుంది. అంటే ఈ ఏడు ఒకసారి, వచ్చే ఏడు ఒకసారి కొలిచి "ఇంత తగ్గింది" అని రాస్తే ఆ అంకెకు విలువ లేదు. ఈ పనిలో ఫలితాన్ని నిలబెట్టేవి మూడు: సరైన చోటు, తగినన్ని నమూనాలు, రెండు కొలతల మధ్య తగినన్ని ఏళ్లు. డిటెక్టర్ ఆ తర్వాతి సంగతి.

1. ఏది తగ్గుతోందో ముందు తేల్చుకోండి

"రేడియోధార్మికత తగ్గుతోంది" అని మొత్తంగా కొలవడం కుదరదు. ఒక్కో ఐసోటోప్‌ది ఒక్కో తీరు.

సీజియం-137 అర్ధాయువు, అంటే సగానికి తగ్గే కాలం, సుమారు 30 ఏళ్లు. గామా కిరణం 661.7 కేఈవీ (కిరణం శక్తిని చెప్పే కొలమానం) దగ్గర స్పష్టంగా కనబడుతుంది. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు దీనితోనే మొదలుపెట్టాలి.

స్ట్రాన్షియం-90 అర్ధాయువు 28.8 ఏళ్లు. దీన్నుంచి వచ్చేది బీటా కాబట్టి మట్టిలోంచి రసాయనికంగా వేరుచేయకుండా కొలవలేరు. అందుకు తగ్గ కెమిస్ట్రీ ల్యాబ్, అనుభవం లేకపోతే దీని జోలికి వెళ్లొద్దు.

ప్లుటోనియం-239 అర్ధాయువు 24,110 ఏళ్లు. మన జీవితకాలంలో అది క్షీణించి తగ్గడం కనబడదు. అమెరీషియం-241 సంగతి ఇంకా వింత. ప్లుటోనియం-241 క్షీణించే కొద్దీ ఇది పుడుతుంది కాబట్టి పరీక్షలు జరిగిన తర్వాత కొన్ని దశాబ్దాల పాటు పెరుగుతూ పోతుంది. రెండో సర్వేలో అమెరీషియం ఎక్కువ వచ్చిందని కంగారుపడేవాళ్లు ఈ విషయం గుర్తుపెట్టుకోవాలి.

ఇక సీజియం తగ్గే దారులు రెండు. ఒకటి, భౌతికంగా క్షీణించడం. దీన్ని ఎవరూ ఆపలేరు, వేగం పెంచలేరు. రెండోది, ఆ చోటు నుంచి వెళ్లిపోవడం. వాన నీటితో కిందికి దిగుతుంది, మట్టితో పాటు కొట్టుకుపోతుంది, చెట్టు వేళ్ల ద్వారా పైకెక్కుతుంది. ఈ రెండో దానికి లెక్కగట్టే కాలాన్ని పరిసర అర్ధాయువు అందాం. రెండూ కలిసి పనిచేస్తే వచ్చేది నికర అర్ధాయువు. మీరు నేల మీద కొలిచేది ఎప్పుడూ నికర అర్ధాయువే.

మార్షల్ దీవుల్లో కొబ్బరి లాంటి చెట్లలోని సీజియాన్ని ఏళ్ల తరబడి కొలిచి పరిసర అర్ధాయువు సుమారు 12 ఏళ్లని, నికర అర్ధాయువు సుమారు 8.5 ఏళ్లని తేల్చారు. పగడపు మట్టి దాదాపు అంతా కాల్షియం కార్బొనేటే. సీజియాన్ని పట్టి ఉంచే బంకమట్టి అందులో లేదు. పొటాషియం కూడా తక్కువ కాబట్టి చెట్లు దాని బదులు సీజియాన్ని పీల్చుకుంటాయి. మిగిలింది వానకు కరిగి భూగర్భ జలంలోకి దిగుతుంది.

మన నేలలో అలా జరగదు. ఎర్ర చెలకలోని బంకమట్టి రేణువులు సీజియాన్ని గట్టిగా పట్టుకుంటాయి. ఇక్కడ సీజియం పోయిందంటే చాలావరకు మట్టే కొట్టుకుపోయిందని అర్థం. అందుకే కొలిచే పద్ధతి ఒకటే అయినా, ఫలితానికి చెప్పుకోవాల్సిన అర్థం ఆ దీవిలో వేరు, దేవరకొండ చెలకలో వేరు.

2. చోటు ఎంచుకోవడం

సగం పని ఇక్కడే. మీకు కావాల్సింది ఆ ధూళి పడిన నాటి నుంచి ఎవరూ కదిలించని, దాదాపు చదునైన నేల. ప్రపంచవ్యాప్తంగా ఈ ధూళి ఎక్కువగా రాలింది 1963 ప్రాంతంలో. కాబట్టి అంతకు ముందు నుంచీ దున్నని నేల వెతకాలి.

మన దగ్గర దీనికి అనువైనవి పాత బంచరాయిలు, గుట్ట మీది చదును జాగాలు. ఊళ్లో డెబ్బై దాటిన పెద్దమనుషుల దగ్గర కూర్చుని అడగండి: "తాతా, ఈ జాగ ఎప్పుడన్న దున్నిన్రా? మట్టి తీసిన్రా, పోసిన్రా?" రెవెన్యూ రికార్డులో బంచరాయి అని ఉన్నా, మధ్యలో పదేళ్లు ఎవరో జొన్న వేసి వదిలేసి ఉండొచ్చు. అది తాతకే తెలుస్తుంది.

మన ప్రాంతంలో ప్రత్యేకంగా చూసుకోవాల్సినవి ఇవి:

- మిషన్ కాకతీయలో చెరువు పూడిక మట్టి తోలుకున్న పొలం పనికిరాదు. చుట్టుపక్కల చెలకల పైపొర కొట్టుకొచ్చి చేరిందే పూడిక. ఆ మట్టితో వేరే చోటి సీజియం మీ నమూనాలోకి వచ్చేస్తుంది.
- ఉపాధి హామీ పనుల్లో తవ్విన కందకాలకు, హరితహారం గుంతలకు దూరంగా ఉండండి. కందకం గట్టు మీద పైమట్టి, అడుగుమట్టి కలిసిపోయి ఉంటాయి.
- పెద్ద చెట్టు మొదట్లో తీయొద్దు. కొమ్మల మీద పడిన వాన కాండం వెంట జారి అక్కడే దిగుతుంది కాబట్టి లెక్క ఎక్కువ వస్తుంది.
- మొరం పోసిన బాట పక్కన, చీమల పుట్టలున్న చోట, పశువులు నిత్యం మందగట్టే చోట తీయొద్దు.

"దీవి మట్టే కావాలి, గద్వాల దగ్గర గుర్రంగడ్డలో చేస్తాం" అని కొందరు అంటారు. అది కృష్ణ మధ్యలోని ఊరు. వరద వచ్చినప్పుడల్లా కొత్త ఒండ్రు చేరుతుంది, సాగు కూడా ఉంది. సీజియం తగ్గడాన్ని కొలవడానికి అది సరైన చోటు కాదు. ఒండ్రు ఎంత మందాన చేరుతోందో తెలుసుకోవాలనుకుంటే మాత్రం మంచి చోటు. నాగార్జున కొండ కూడా దీవే, కానీ అది పురావస్తు శాఖ రక్షణలో ఉంది, అనుమతి లేకుండా గడ్డపార వేయకూడదు. అమ్రాబాద్ అడవిలోనైతే అటవీ శాఖ అనుమతి ముందు, ప్రయాణం తర్వాత.

నిజంగా పగడపు దీవుల్లో పనిచేసే అవకాశం వస్తే అక్కడి చిక్కులు వేరు. మార్షల్ దీవుల్లోని రొంగెలాప్‌లో ఇళ్ల చుట్టూ పైపొర గీసేసి పగడపు కంకర పరిచారు. అక్కడిదే అయిన బికినీ దీవిలో కొన్ని తోటల్లో చెట్లు సీజియం పీల్చకుండా పొటాషియం ఎరువు వేశారు. ఇలాంటి జాగాలను మామూలు నేలతో కలిపి సగటు తీస్తే ఆ అంకెకు అర్థం ఉండదు. వాటిని వేరే గుంపుగా పెట్టాలి. విదేశీ మట్టిని ఇక్కడికి తేవాలంటే ప్లాంట్ క్వారంటైన్ అనుమతి కూడా కావాలి.

3. ఎన్ని నమూనాలు, ఎన్నేళ్ల తేడా

గుంతకూ గుంతకూ తేడా 20 శాతం ఉందనుకోండి. 4 గుంతలు తీస్తే సగటులో అనిశ్చితి 10 శాతం. 16 తీస్తే 5 శాతం. ఒక చోట 10 కంటే తగ్గించవద్దు, వీలైతే 16 తీయండి.

కేవలం భౌతిక క్షీణతే ఉంటే పదేళ్లలో సుమారు 20 శాతం తగ్గుతుంది. నికర అర్ధాయువు 8.5 ఏళ్లయితే అదే పదేళ్లలో 56 శాతం దాకా పడిపోతుంది. పగడపు దీవిలో అయిదేళ్ల తేడా సరిపోవచ్చు, మన నేలలో పదేళ్లకు తక్కువైతే కష్టం.

రెండేళ్ల ఎమ్మెస్సీలో ఇది ఎలా సాధ్యం? సాధ్యం కాదు. మీరు చేయాల్సింది తర్వాతి బ్యాచ్‌లు వాడుకోగలిగేంత పక్కాగా మొదటి సర్వే చేయడం. అది కూడా ప్రాజెక్టే, గైడ్లు దాన్ని ఒప్పుకోవాలి.

4. మట్టి తీయడం

వేసవిలో వెళ్లొద్దు. ఎండిన ఎర్రమట్టి పొరలు పొరలుగా నిలవదు, ముట్టుకుంటే రాలిపోతుంది. నల్లరేగడైతే పగుళ్లు ఇచ్చి, పైమట్టి ఆ పగుళ్లలో పడి ఉంటుంది. తొలకరి తర్వాత నేల పదునెక్కినప్పుడు, అంటే వాన పడి మూడు నాలుగు రోజులైనప్పుడు తీస్తే అంచులు తెగినట్టు వస్తాయి.

వెళ్లేముందు సంచిలో ఉండాల్సినవి:

- 10 సెంటీమీటర్ల చదరపు స్టీలు చట్రం, అడుగూ మూతా లేనిది
- గడ్డపార, చిన్న పార, తాపీ, సన్నని స్టీలు రేకు
- స్కేలు, స్ప్రింగ్ త్రాసు, మందపాటి ప్లాస్టిక్ సంచులు, చెరగని మార్కర్
- జీపీఎస్ ఉన్న ఫోన్, 30 మీటర్ల టేపు, నోట్‌బుక్
- నీళ్ల క్యాన్, పాత బట్టలు, బ్రష్

గొట్టాన్ని సుత్తెతో దిగ్గొట్టే పద్ధతి చాలామంది వాడతారు. మన చెలకల్లో రాయి తగిలి ఆగుతుంది, లోపల మట్టి అణిగి పొరల లోతు తప్పుతుంది. నేను చట్రం పద్ధతే చెబుతాను.

గడ్డిని కత్తెరతో కత్తిరించి వేరే సంచిలో వేయండి, పీకొద్దు. చట్రాన్ని నేల మీద పెట్టి 5 సెంటీమీటర్ల లోతుకు నొక్కండి. చట్రానికి ఒక పక్కన చిన్న గుంత తవ్వి, ఆ వైపు నుంచి స్టీలు రేకును అడ్డంగా తోసి మొదటి పొరను పళ్లెం ఎత్తినట్టు ఎత్తండి. ఆ మట్టంతా సంచిలోకి పోవాలి. చట్రం మూలల్లో ఇరుక్కున్నది కూడా బ్రష్‌తో దులపాలి, ఎందుకంటే సీజియం ఎక్కువగా ఉండేది ఈ పొరలోనే.

ఇప్పుడు ఆగండి. చట్రం, రేకు, తాపీ నీళ్లతో కడిగి తుడవండి. గుంత అంచుల మీద రాలిన పైమట్టిని ఊడ్చేయండి. ఆ తర్వాతే 5–10 పొర. పైమట్టి చిటికెడు కింది పొరలో పడితే సీజియం లోతుకు దిగినట్టు కనిపిస్తుంది. కింది పొరల్లో అసలు ఉండేదే తక్కువ కాబట్టి ఆ చిటికెడే ఫలితాన్ని మార్చేస్తుంది.

మన నేలలో 0–5, 5–10, 10–15, 15–25 సెంటీమీటర్లు సరిపోతాయి. పగడపు మట్టిలో సీజియం లోతుకు దిగుతుంది కాబట్టి 25–40, 40–60 కూడా తీయాలి. పై 5 సెంటీమీటర్లే తీసి "తగ్గింది" అని రాస్తే, అది పోయిందో కిందికి జారిందో చెప్పలేరు.

ప్రతి గుంతకూ జీపీఎస్ రాయండి. ఫోన్ జీపీఎస్ కొన్ని మీటర్లు అటూ ఇటూ చూపిస్తుంది, అందుకని కదలని గుర్తు నుంచి టేపుతో దూరం, దిక్కు కూడా రాయండి. పెద్ద బండ, గుడి మూల, హద్దురాయి లాంటివి. రెండోసారి వచ్చేవాళ్లు మీ పాత గుంతలోనే తవ్వకుండా ఒకటి రెండు మీటర్లు పక్కకు జరగాలి. పాత గుంత పూడ్చిన మట్టి పనికిరాదు.

5. ఆరబెట్టడం, జల్లించడం, డబ్బాకెత్తడం

మొత్తం బరువు తూచి, 105 డిగ్రీల ఓవెన్‌లో బరువు మారకుండా ఉండేదాకా ఆరబెట్టండి. మామూలుగా ఒక రోజు పడుతుంది. గడ్డలు నలిపి 2 మి.మీ. జల్లెడ పట్టండి.

జల్లెడ మీద మిగిలిన రాళ్లను పారేయొద్దు, తూచి రాయండి. చదరపు మీటరు లెక్కకు ఆ బరువు కావాలి. పగడపు మట్టిలో ముక్కల మీద కూడా సీజియం ఉండొచ్చు, అక్కడ వాటిని వేరుగా కొలవాలి.

అన్ని నమూనాలకూ ఒకే సైజు డబ్బా, ఒకే ఎత్తు దాకా మట్టి. ఒక డబ్బాలో గీత దాకా, ఇంకో దాంట్లో సగం పోస్తే డిటెక్టర్ సామర్థ్యం (వెలువడిన గామాల్లో అది పట్టుకునే వాటా) మారిపోతుంది. మూత గాలి చొరకుండా సీల్ చేసి నాలుగు వారాలు పక్కన పెట్టండి. సీజియానికి ఈ వాయిదా అవసరం లేదు. మన గ్రానైట్ మట్టిలో రేడియం నుంచి పుట్టే రేడాన్ స్థిరపడటానికి అవసరం. ఆ రేడియం సంగతి తర్వాతి మెట్టులో తగులుతుంది.

6. డిటెక్టర్ మీద పెట్టడం

ఆన్‌లైన్‌లో దొరికే గీగర్ కౌంటర్‌తో ఈ పని జరగదు. నల్లగొండలో ఏ బండ మీద పెట్టినా అది కూస్తుంది. అది గ్రానైట్‌లోని పొటాషియం, యురేనియం, థోరియం. అణు ధూళికి దానితో సంబంధం లేదు. లంబాపూర్, పెద్దగట్టు యురేనియం గురించి భయపడి మీటర్ కొని, ఆ అంకెను "బాంబు ధూళి" అనుకునేవాళ్లు కూడా ఉన్నారు. రెండూ వేర్వేరు ప్రశ్నలు.

సోడియం అయొడైడ్ డిటెక్టర్ మన మట్టికి చాలదు. యురేనియం కుటుంబంలో రేడియం, రేడాన్‌ల తర్వాత పుట్టే బిస్మత్-214 గీత, అంటే గామా శక్తుల గ్రాఫ్ (స్పెక్ట్రమ్)లో లేచే పీక్, 609 కేఈవీ దగ్గర ఉంటుంది, అది సీజియం 662 మీదికి ఒరుగుతుంది. పగడపు మట్టిలో సహజ యురేనియం, థోరియం తక్కువ, సీజియం ఎక్కువ కాబట్టి అక్కడ కొంత నడుస్తుంది.

మనకు కావాల్సింది సీసం కవచంలో ఉన్న జర్మేనియం డిటెక్టర్. మీ దగ్గర లేకపోతే హైదరాబాద్‌లో ఉన్న ల్యాబ్‌తో గుంత తవ్వకముందే మాట్లాడుకోండి. ఒక్కో నమూనాకు 80,000 సెకన్లు, అంటే దాదాపు ఒక రోజు పడుతుంది. 16 గుంతలు, నాలుగు పొరలు అంటే 64 రోజుల మెషిన్ టైం. అంత దొరకదంటే, పొరల వివరం మూడు నాలుగు గుంతలకే తీసి, మిగతా వాటిలో 0–25 మొత్తాన్నీ బాగా కలిపి ఒక్క నమూనా చేయండి.

జర్మేనియంలోనూ ఒక వల ఉంది. బిస్మత్-214కు 665.5 కేఈవీ దగ్గర చిన్న గీత ఉంది, వంద క్షీణతలకు ఒకటిన్నర చొప్పున. చిన్నదే కదా అనిపిస్తుంది. కానీ మట్టిలో రేడియం కిలోకు 60 బెక్వెరెల్, సీజియం 1.5 ఉంటే బిస్మత్ గీత సీజియం గీతలో దాదాపు 70 శాతం ఎత్తున దాని పక్కనే నిలబడుతుంది. సాఫ్ట్‌వేర్ రెంటినీ కలిపి ఒక్క పీక్ అని చూపిస్తే సీజియం దాదాపు 1.7 రెట్లు కనబడుతుంది. ప్రతి స్పెక్ట్రమ్‌నూ కళ్లతో చూసి, రెండు పీక్‌లు విడగొట్టి లెక్కపెట్టండి. నివేదికలో వచ్చిన అంకెను చూడకుండా ఎక్కించుకోవద్దు.

ఖాళీ డబ్బాతో బ్యాక్‌గ్రౌండ్, ఐఏఈఏ (అంతర్జాతీయ అణుశక్తి సంస్థ) ప్రామాణిక మట్టి లాంటి తెలిసిన నమూనాతో సామర్థ్యం, ఈ రెండూ అదే డబ్బా సైజులో చేయాలి. క్యాలిబ్రేషన్ సోర్స్ వాడితే దానికి ఏఈఆర్‌బీ (దేశంలో అణుశక్తి నియంత్రణ బోర్డు) నిబంధనలు వర్తిస్తాయి, ల్యాబ్ ఇన్‌ఛార్జ్ లేకుండా ముట్టుకోవద్దు.

7. పాత డబ్బాను దాచండి

ఎక్కువమంది వదిలేసే మెట్టు ఇదే. మొదటి సర్వేలోని మూడు నాలుగు సీల్ చేసిన డబ్బాలను పారేయకుండా భద్రపరచండి. పదేళ్ల తర్వాత కొత్త నమూనాలతో పాటు వాటినీ మళ్లీ డిటెక్టర్ మీద పెట్టండి.

డబ్బాలోని సీజియం వానకు కారిపోదు, వేళ్లు పీల్చుకోవు. క్షీణత ఒక్కటే పనిచేస్తుంది. పదేళ్లకు అది తొలి విలువలో 79 శాతం చుట్టూ రావాలి. 70 వచ్చినా 90 వచ్చినా తేడా మీ డిటెక్టర్‌లోనో క్యాలిబ్రేషన్‌లోనో ఉంది. దాన్ని సరిచేయకుండా నేల గురించి ఏమీ రాయకూడదు.

మన మట్టిలో ఇంకో తనిఖీ ఉచితంగా దొరుకుతుంది. పొటాషియం-40 పీక్ 1461 కేఈవీ దగ్గర బలంగా వస్తుంది, అది మారదు. పగడపు మట్టిలో పొటాషియం లేనంత తక్కువ కాబట్టి అక్కడ ఈ సాయం దొరకదు, పాత డబ్బాయే దిక్కు.

8. లెక్క

ఇక్కడి అంకెలు లెక్క చూపించడానికి ఊహించినవి.

పీక్ మొత్తం 1,500 లెక్కలు (డిటెక్టర్ పట్టిన గామాల సంఖ్య), దాని కింద బ్యాక్‌గ్రౌండ్ 900 అనుకోండి. నికరం 600. దాని అనిశ్చితి 1,500, 900 కలిపితే వచ్చే 2,400 వర్గమూలం, అంటే 49. అది 8 శాతం.

600ను 80,000 సెకన్లతో భాగించండి. వచ్చినదాన్ని సామర్థ్యం 0.02తో, గామా వాటా (ఒక్కో క్షీణతకు ఈ గామా వచ్చే వంతు) 0.851తో, బరువు 0.3 కిలోలతో వరుసగా భాగిస్తే కిలోకు 1.47 బెక్వెరెల్.

దీన్ని చదరపు మీటరుకు మార్చాలి. పొర మొత్తం బరువు 0.7 కిలోలైతే అందులో సీజియం 1.03 బెక్వెరెల్. చట్రం వైశాల్యం 0.01 చదరపు మీటరు కాబట్టి చదరపు మీటరుకు 103. అన్ని పొరలవీ కూడితే ఆ గుంత మొత్తం నిల్వ. పోల్చాల్సింది ఈ నిల్వలనే. కిలో లెక్కన పోలిస్తే మట్టి గుల్లబారినా గట్టిపడినా పొర మారిపోయి అంకె మారుతుంది.

మొదటి సర్వేలో సగటు 400, పదేళ్ల తర్వాత 250 వచ్చిందనుకోండి. 400ను 250తో భాగిస్తే 1.6, దాని సహజ లాగరిథమ్ 0.47. నికర అర్ధాయువు = 0.693 × 10 ÷ 0.47, అంటే సుమారు 14.7 ఏళ్లు. 1ని 14.7తో భాగించి, అందులోంచి 1ని సీజియం భౌతిక అర్ధాయువు 30.1తో భాగించగా వచ్చింది తీసేస్తే 0.035 మిగులుతుంది. దాన్ని తిరగేస్తే పరిసర అర్ధాయువు దాదాపు 29 ఏళ్లు.

ఒక్కో సగటుకు 10 శాతం అనిశ్చితి ఉంటే ఆ 14.7 ఏళ్లు నిజానికి 11 నుంచి 21 మధ్య ఎక్కడైనా ఉండొచ్చు. ఈ పరిధి లేకుండా ఒంటి అంకె రాయొద్దు.

9. ఫలితం తేడాగా వస్తే

*రెండోసారి ఎక్కువ వచ్చింది.* ముందు పాత డబ్బా చూడండి. అది సరిగ్గా ఉంటే ఆ చోటికి పైనుంచి మట్టి కొట్టుకొచ్చి చేరిందేమో చూడండి. వాలు కింద ఉన్న గుంతల్లోనే పెరిగితే కారణం అదే.

*అన్ని గుంతల్లోనూ భౌతిక క్షీణత కంటే బాగా తగ్గింది.* మన చెలకలో అయితే పైపొర పోతోందని అర్థం. 0–5 పొరలో రాళ్ల శాతం పెరిగిందా చూడండి, పెరిగితే ఆ అనుమానం బలపడుతుంది. పగడపు దీవిలో అయితే లోతు పొరలనూ, బావి నీటినీ చూడాలి.

*మట్టిలో తగ్గలేదు, చెట్టులో తగ్గింది.* ఇది వైరుధ్యం కాదు. మట్టిలో ఉన్నదంతా వేళ్లకు అందదు. పొటాషియం వేసినా చెట్టులో పడిపోతుంది, మట్టిలో అలాగే ఉంటుంది. రెండు అర్ధాయువులూ వేరువేరుగా రాయండి.

*సీజియం-134 కనబడింది.* దాని అర్ధాయువు 2 ఏళ్లే, పాత బాంబు ధూళిలో మిగిలే అవకాశం లేదు. 604.7 కేఈవీ దగ్గరి గీత బిస్మత్ 609ది కాదు కదా అని మొదట చూసుకోండి. 795.9 దగ్గర కూడా పీక్ ఉంటేనే నమ్మండి.

10. రిపోర్టులో తప్పక ఉండాల్సినవి

- మట్టి తీసిన తేదీ, కొలిచిన తేదీ, విలువలన్నీ ఏ తేదీకి సరిచేశారో
- ప్రతి గుంత జీపీఎస్, కదలని గుర్తు నుంచి దూరం, ఫొటో
- పొరల లోతులు, చట్రం వైశాల్యం, రాళ్ల బరువు విడిగా
- డబ్బా కొలతలు, నింపిన ఎత్తు, డిటెక్టర్ పేరు, సామర్థ్యం కొలిచిన తీరు
- పీక్ లెక్కలు, బ్యాక్‌గ్రౌండ్ లెక్కలు, సగటు ఒక్కటే కాకుండా గుంతవారీ విలువలు
- దాచిన డబ్బాల నంబర్లు, ఏ బీరువాలో, ఎవరి బాధ్యతలో ఉన్నాయో

తేదీల సంగతి ప్రత్యేకంగా చూసుకోండి. మట్టి తీశాక ఏడాదిన్నరకు మెషిన్ టైం దొరికి, ఆ విలువనే తీసిన రోజు విలువగా రాస్తే 3 శాతానికి పైగా తప్పు మొదట్లోనే చేరిపోతుంది. కొలిచిన విలువను 2 పవర్ (గడిచిన ఏళ్లు ÷ 30.1) తో గుణించి తీసిన తేదీకి తెచ్చి, ఆ తేదీని పట్టికలోనే రాయండి.